నాజిల్‌కు పెట్టిన బొట్టు

కామారెడ్డి,
ఆదివారం, అంట్లు తోమి కూర్చున్నాక

సత్తెమ్మ అక్కకు,

చెల్లెలు యాదమ్మ నీ కాళ్లకు మొక్కి రాస్తున్నది. నువ్వు, బావ, కోడళ్లు, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ నడుం నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను, నీ మరిది దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. మా గురించి రంది పెట్టుకోకు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నీ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నీకు వినపడదు, స్పీకరు పెడితే మీ ఎల్లారెడ్డి వాడంతా వింటుంది. పోయినసారి నా మోకాలి నొప్పి సంగతి నీకు చెబితే మందు పేరు మీ పక్కింటామె చెప్పింది. ఇప్పుడు చెప్పేది నీ ఒక్కదానికే చెప్పాలని ఉంది. అందుకే ఇన్నేళ్లకు కలం పట్టాను. అద్దాలు పెట్టుకొని నిమ్మళంగా చదువు.

మిల్లులకు వడ్లు తోలే పని ఇక్కడైతే విడవకుండా దొరుకుతుందని ఊరొదిలి వచ్చాం కదా. పని నిజంగానే దొరుకుతోంది. ఎండ మాత్రం రేకుల ఇంట్లో కూర్చున్నవాళ్లను వేయించి పెడుతోంది. నీళ్లు కొంచెం ఉప్పన, పప్పు తొందరగా ఉడకదు. పక్క గదిలో నాందేడు వైపు ఆమె ఉంది. ఆమె మరాఠీ నాకు రాదు, నా తెలుగు ఆమెకు రాదు. ఇద్దరం కూర గిన్నెలు మార్చుకుంటాం, అంతే మాటలు. పొద్దున దీపం పెట్టాక ఇక సాయంత్రం దాకా నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. అయినా బాగానే ఉన్నాను. నువ్వు బెంగపడకు.

అసలు సంగతి లారీది. మన పాత బండి ఈ ఎండాకాలం మొదలైనప్పటినుంచి నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. బరువేస్తే ఎత్తు ఎక్కదు. మిల్లు దగ్గర డ్రైవర్లు ఊరుకుంటారా? "అన్నా, డీజిల్ పోస్తున్నవా, పిడకలు పెడుతున్నవా?" అని ఒకడు. "ఆ పొగల దాసుకుంటే పోలీసులకు గూడ దొరకవు" అని ఇంకొకడు. నీ మరిది నవ్వేవారు కాదు. ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేకపోయినా అడగకుండా తినేవారు. ఒకరోజు తుక్కు కొనే ఆయన వచ్చి, బండి చుట్టూ తిరిగి, అక్కడక్కడా తట్టి చూసి, శుక్రవారం వచ్చి తీసుకుపోతానన్నాడు. బండి పోతే మాకు ఏముంది అక్కా? ఊళ్లో భూమి ఎప్పుడో పోయింది. నేను మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకోవాలి, ఆయన ఎవరి గేటు దగ్గరో కుర్చీ వేసుకొని కూర్చోవాలి. నలభై ఊళ్లు తిరిగిన మనిషి కుర్చీలో ఎట్లా కూర్చుంటాడు?

మా సందు చివర ఖాజా భాయి షెడ్డు ఉంది. డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగు చేస్తాడు, పెద్దమనిషి. గురువారం పొద్దున ఆయనే వచ్చి, "అమ్ముడు ఎప్పుడన్న అమ్మొచ్చు తమ్మీ. ఒక్కసారి ఇంజెక్టర్లు ఇప్పి చూద్దాం" అన్నాడు. వాళ్లిద్దరికీ చాయ్ తీసుకుపోయాను. ఇచ్చి వచ్చేద్దామనే పోయాను. కాని అక్కడ చూసింది చూశాక కాలు కదలలేదు.

ఇంజెక్టరంటే జానెడు ఇనుప ముక్క. అలాంటివి మన బండికి ఆరు. ఒక్కోదాని చివర నాజిల్ అని చిన్న మొన ఉంటుంది. దానికి రంధ్రాలున్నాయట, నా కంటికి ఆనలేదు. డీజిల్ వాటిలోంచి మంచులాగా చిమ్మాలట, అప్పుడే పూర్తిగా కాలుతుంది. బొట్లుబొట్లుగా కారితే సగం కాలి పొగవుతుంది. భాయి ఒకదాన్ని చేతి పంపుకు బిగించి మీట నొక్కాడు. అది చిమ్మలేదు, చీమిడి ముక్కులా కారింది. నాకు వెంటనే మన తమ్ముడి పెండ్లిలో పన్నీరు బుడ్డి గుర్తొచ్చింది. సగం రంధ్రాలు మూసుకుపోయి వియ్యంకుడి కండువా మీద ధారగా పడితే, నువ్వు పిన్నీసుతో పొడిచి బాగు చేశావు కదా!

"పిన్నీసుతోని పొడిస్తే పోదా భాయ్?" అని అడిగాను.

"పొడిస్తే రంధ్రం పెద్దగైతది చెల్లె. గప్పుడు మంచు గాదు, వాన పడ్తది."

"మరి ఆ చెత్త ఎట్ల చేరింది? కొత్తప్పుడు గూడ పొగ వస్తుండెనా? ఆరు ఒక్కసారే చిమ్ముతయా, వరుసగానా?"

భాయి నీ మరిదివైపు చూసి, "తమ్మీ, మీ ఇంట్ల ఇన్‌స్పెక్టర్ ఉన్నదని ముందుగాల చెప్పకపోతివి" అన్నాడు. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. నాకు అదే చాలనిపించింది.

నాలుగింటిని మందులో నానబెట్టి, మెత్తని ఇత్తడి బ్రష్షుతో తోమి శుభ్రం చేశాడు. రెండింటి నాజిళ్లు అరిగిపోయాయని కొత్తవి వేశాడు. పరీక్షించి, ఆరింటినీ తెల్లగుడ్డ మీద వరసగా పెట్టి, భాయి నమాజుకు పోయాడు. ఈయన ఇంజెక్టర్ల కింద వేసే రాగి వాషర్లు తేవడానికి బజారుకు పోయారు.

అవి తలంటి పోసి పడుకోబెట్టిన పిల్లల్లా ఉన్నాయి అక్కా. మన ఇంట్లో కొడవలి కొన్నా, రోలు కొన్నా, ఆఖరికి గ్యాసు బండ వచ్చినా బొట్టు పెట్టకుండా ముట్టుకున్నామా? ఇంటికి పోయి కుంకుమ తెచ్చాను. అంటుకోవాలని దీపం నూనె చుక్క కలిపి, ఎల్లమ్మ తల్లిని తలచుకొని, ఆరింటికీ మొన మీద పెట్టాను. వాళ్ల చేతులు ఎర్రగా అవుతాయని మళ్లీ కొంగుతో తుడిచేశాను. తల్లికి తెలిస్తే చాలుననుకున్నాను.

వాళ్లొచ్చి బిగించారు. బండి మొదలైంది కాని కుంటుతోంది. తెల్లటి పొగ. భాయి ఒక్కో పైపు వదులు చేసి చూశాడు. వదులు చేయగానే ఇంజిన్ గొంతు మారితే అది పనిచేస్తున్నట్టట. మూడోదాన్ని వదులు చేస్తే గొంతు మారనే లేదు. అది కొత్తగా వేసినదే.

"ఏంది భాయ్, కొత్తదని చెప్పి పాతది పెట్టినవా?" అన్నారు నీ మరిది.

"అల్లా కసం, డబ్బా నీ ముంగటనే ఇప్పిన!"

"ఇగ చాలు. రేపు తుక్కాయన వస్తడు, అప్పజెప్త."

భాయి మొహం చిన్నబోయింది. నట్లు విప్పే పానాలను ఒక్కొక్కటిగా గుడ్డకు తుడుస్తూ ఉండిపోయాడు. నేను మగవాళ్ల మధ్య గొంతెత్తేదాన్ని కానని నీకు తెలుసు. కాని ఆ మనిషి మాట పోతోంది, మా బండి పోతోంది.

"నేను బొట్టు పెట్టిన" అన్నాను.

"ఎవరికి?" అన్నారాయన.

"వాటికి. ఆరింటికి."

"ఏడ పెట్టినవే?"

"ముక్కు మీద."

భాయి పొట్ట పట్టుకొని నవ్వాడు. "అది ముక్కు గాదు చెల్లె, నోరు! నోట్లె కుంకుమ కుక్కితే ఎవరన్న మాట్లాడుతరా?"

నాకు భూమిలోకి పోవాలనిపించింది. నీ మరిది చల్లారిన చాయ్ నాతో మళ్లీ కాచించి, మొదటి గ్లాసు తన చేత్తో భాయికి ఇచ్చారు. అదే ఆయన క్షమాపణ, భాయికి అర్థమైంది.

ఆరూ మళ్లీ విప్పారు. మూడోదాని రంధ్రాలు పూర్తిగా పూడిపోయాయి, ఇంకోటి ఒకవైపే చిమ్ముతోంది. నూనె కలపడం, కొంగుతో రుద్దడం వల్ల కుంకుమ లోపలికి దిగిందట. కొంగు నూలుపోగు ఒకటి కూడా దొరికింది. శుభ్రం చేశాక, చివరిదాని మీట భాయి నన్నే నొక్కమన్నాడు. "చెయ్యి అడ్డం పెట్టకు, తోలుల నుంచి లోపటికి దూరుతది" అని నన్ను పక్కకు నిలబెట్టి, ఎదురుగా దూరంగా ఒక కాగితాన్ని పట్టకారుతో పట్టాడు. నొక్కాను. కీచుమని చిన్న చప్పుడు, వెంటనే పొగమంచు. అంత ఇనుములోంచి అంత మెత్తనిది వస్తుందనుకోలేదు. ఇంకోసారి నొక్కనా అని అడిగి మరీ నొక్కాను. కాగితం మీద చిన్న చిన్న చుక్కలు గుండ్రంగా పడ్డాయి, ముగ్గుకు చుక్కలు పెట్టినట్టే.

బండి ఈసారి ఒకే గొంతుతో మొదలైంది. పొగ కోసం వెనక్కి పోయి చూశాను, అటు గోడ కనిపించింది. భాయి బండి డీజిల్ పంపు పైభాగం చూపించి, "ఈడ పెట్టు నీ బొట్టు, ఎంత పెద్దగ పెడతవో పెట్టు" అన్నాడు. పెట్టాను. శుక్రవారం తుక్కాయన వచ్చేసరికి బండి నిండు లోడుతో మిల్లుకు పోయింది.

ఆ సాయంత్రం బావ ఫోను చేశారు కదా, బండికి ఏమైందని. నేను రొట్టె కాలుస్తున్నాను. నీ మరిది, "డీజిల్ల చెత్త పడ్డది బావా, గంతే" అన్నారు. నావైపు చూడను కూడా లేదు. రొట్టె మాడిపోయింది అక్కా. పెండ్లయినప్పటి నుంచి ఆయన నాకు ఒక పువ్వు తెచ్చిన గుర్తు లేదు. ఆ మాట మాత్రం మర్చిపోను.

చింతచిగురు ఎండబెట్టి ఉంటే బస్సులో ఎవరితోనైనా పంపు. శనివారం గుడికి పోతే బండి పేరున ఒక కొబ్బరికాయ కొట్టు. అత్తమ్మకు, బావకు నా దండాలు. పిల్లల తలలు నిమిరానని చెప్పు. నీ దీవెన మా ఇద్దరి మీదా ఉండనీ.

ఆ చుక్కల కాగితం ఈ మడతలోనే పెట్టాను. డీజిల్ వాసన వస్తుంది, అయినా పారేయకు. ఈ ఉత్తరం నీ పెట్టెలో చీరల అడుగున దాచుకో. ఎవరికీ, ముఖ్యంగా బావకు చూపించకు. నేను నవ్వులపాలవుతానని కాదు. నీ మరిది అన్న మాట అట్లాగే నిలబడాలి.

నీ చెల్లెలు,
యాదమ్మ

కాగితం మూలకు బొట్టు పెట్టాను. దీనికి రంధ్రాలు లేవు, చూసుకునే పెట్టాను.