పహిల్వాన్ తాగినంకనే

నల్లగొండ, 4–11–78

చిన్నాయనకు రాజమణి నమస్కారాలు.

కాలేజీలో ఈ నెల 25న వక్తృత్వ పోటీ. ‘బలమైన దేశాలు తామే గొప్పవని ఎందుకనుకుంటాయి?’ అన్నది విషయం. పుస్తకాలు తిరగేశాను, బుర్రకెక్కలేదు. రోజూ హోటల్లో పేపరు చదివే నువ్వే దిక్కు.

నీ బిడ్డ రాజమణి

తా.క.: దీపావళి సదర్‌లో, దున్నల ఊరేగింపులో మన దున్న పహిల్వాన్ ఏం చేశాడు?

చాంద్రాయణగుట్ట, 9–11–78

బిడ్డ రాజమణికి చిన్నాయన కొండల్ దీవెనలు.

దేశాల ముచ్చట నాకేం ఎరుక? పహిల్వాన్ ముచ్చట అడుగు! సదర్ల వెనక కాళ్ల మీద లేచి నిలవడ్డడు. అబ్బబ్బ, గుట్ట లేచినట్టు! జనం నోళ్లు తెరిచిండ్రు. తాడు నా చేతుల ఉండె, ఒళ్లు ఝల్లుమన్నది. గప్పటిసంది నేను నడుస్తుంటే గల్లీ ఇరుకైనట్టు అనిపిస్తది. పక్కింటి బసవయ్యకూ మనకూ ఒక్కటే నీళ్ల తొట్టి గద! ‘పహిల్వాన్ తాగినంకనే నీ బర్రెలు తాగాలె’ అని చెప్పిన. ముప్పై ఏండ్ల దోస్తు, ఏమనలే.

మీ చిన్నాయన

తా.క.: ఏమనలేదంటే ఒప్పుకున్నట్టే గద?

నల్లగొండ, 13–11–78

చిన్నాయనకు వేయి దండాలు.

ఏమీ ఎరగనంటూనే దేశాల గుట్టంతా దున్న మీద పెట్టి చెప్పావు! చదివీ చదవగానే ఉపన్యాసం మొదలుపెట్టాను. మిగతా కథ త్వరగా రాయి.

రాజమణి

తా.క.: కథలో తన పేరుందని తెలిస్తే బసవయ్య మామ ఎంత నవ్వుతాడో!

చాంద్రాయణగుట్ట, 18–11–78

బిడ్డకు దీవెనలు.

కథేంది? ఈడ మస్తు లొల్లి! బసవయ్య బర్రెలు ముందుగాల తాగినయ్. బలమున్నోని మాట ఇంటే గల్లీల శాంతి ఉంటదని వాని మంచికే చెప్పిన. ఇనలే. తొట్టి చుట్టూ కంచె కట్టిన. ఇల్లు ఖాళీ చేసి సంతోష్‌నగర్ పోతడట, పోనీ! మీ చిన్నమ్మ కళావతి నాతోని మాట్లాడుతలేదు.

కొండల్

తా.క.: తొట్టికి ఇటుకలు మోసింది బసవయ్యనే. అయితే ఏంది?

నల్లగొండ, 27–11–78

చిన్నాయనా, మొదటి బహుమతి!

ఉపన్యాసం పంపుతున్నాను. మనుషుల పేర్లు తీసి దేశాలని పెట్టాను, అంతే.

ఆనందంతో, రాజమణి

తా.క.: కంచె కట్టిన దేశాన్ని తలచుకుని హాలంతా ఒకటే నవ్వు.

చాంద్రాయణగుట్ట, 2–12–78

బిడ్డా రాజమణీ,

నీ ఉపన్యాసం హోటల్ల అందరి ముంగట సదివిన. ‘గింత సిగ్గులేని దేశం ఏందిర భాయ్!’ అని బల్ల గుద్ది నవ్విన. నవ్వింది నేనొక్కన్నే. అందరు నా మొకమే చూస్తుండ్రు. అప్పుడు సమజైంది, గా దేశం నేనేనని. లేచింది దున్న బిడ్డా, నేను గాదు! గంత పెద్ద దేశాలకు గూడ గింతేనా?

ఉరికొచ్చిన. బసవయ్య సామాను బండికెక్కిస్తుండు. అడ్డం నిలవడి, ‘తప్పైంది, పోకు దోస్తూ’ అన్న. ‘పోవాల్నా ఉండాల్నా, నీ దున్ననడిగి రా’ అన్నడు.

ఇట్లు, కొండల్

తా.క.: అడిగిన. గల్లీ అంత చూస్తుంటే దున్నకు దండం పెట్టి అడిగిన. బసవయ్యకు నవ్వాగలే. బండిలకెళ్లి ముందుగాల చాయ్ గిన్నె దింపిండు.