కాగ్నా గీసిన గీత

ఏమయ్యా, చెబుతున్నది నేను, రాస్తున్నది మన కోడలు. నిన్ను తీసుకుపోయిన కాగ్నా ఏటి వరద మన గోడ మీద బురద గీత వదిలింది. ఏ పండక్కీ దాని మీద సున్నం పడనీయలేదు. "ముసల్దానికి సున్నం కరువైందా?" అని వాడకట్టంతా నవ్వింది.

మొన్న సర్కారు ఓవర్సీరు వచ్చాడు. కాగ్నా ఒడ్డున కట్టే కొత్త ఇళ్ల గచ్చు ఇకనుంచి వరద నీటి కంటే ఎత్తులో ఉండాలట. నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడిగితే, పునాది ఎత్తు పెంచే రాళ్ల ఖర్చుకు జంకి అందరూ "మోకాలిదాకనే సారూ" అన్నారు. అతన్ని వెంటబెట్టుకొచ్చి గీత చూపించాను. అతని ఛాతీ దాకా ఉంది.

"గంత ఎత్తు ఎవడు కడ్తడు పెద్దమ్మా?" అన్నాడు పక్కింటివాడు.

"బతకాల్నని ఉన్నోడు కడ్తడు" అన్నాను.

ఆ ఎత్తే ఖాయం చేశారు. ఇక కొత్త ఇళ్లలో ఎవరి పిల్లలైనా నిన్ను ముంచిన నీళ్లకు పైనే నిద్రపోతారు.