సున్నపు దుమ్ము మీద తడిగుడ్డ

పిడుగురాళ్ల కాపురస్తురాలు, కీర్తిశేషులు అంతోని గారి భార్య, రిటైర్డ్ నర్సు హన్నమ్మ అనే నేను, అరవై తొమ్మిదో ఏట, తెలివి సరిగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిన వీలునామా. బీపీ ఉంది గానీ దానికీ నా బుద్ధికీ సంబంధం లేదు.

1. నేను ఉంటున్న ఇల్లు, నా బంగారం నా ఏకైక కుమార్తె జెస్సీకి సర్వహక్కులతో చెందాలి. ఈ వీలునామా అమలు చేయించే బాధ్యత కూడా తనదే.

2. నీలం కారుని పాత ఇనుముకి వేసేద్దామని జెస్సీ మూడేళ్లుగా నా ప్రాణం తోడేస్తోంది. అమ్మా, నువ్వు ఇంటర్ పరీక్షలకి వెళ్లింది ఆ కారులోనే. అందుకే అది నీకివ్వడం లేదు. నా మరిది సుధీర్ బాబుకి ఇస్తున్నాను.

3. కారుతో పాటు మెత్తని కుంచె, రెండు బకెట్లు, మీ నాన్న పాత పంచె చింపిన గుడ్డలు కూడా అతనికే. మీ నాన్న సున్నపు బట్టీలో గుమాస్తా కాబట్టి ఆ కారు రోజూ తెల్లబడి ఇంటికొచ్చేది. ముందు పొడిగా దులపాలి, తర్వాత ధారాళంగా నీళ్లు పోయాలి, ఆ తర్వాతే గుడ్డ. వెనక సీట్లో మిరపకాయల బస్తా వేయకూడదు. ఒక్కసారి వేసినందుకు నెల రోజులు ఏసీ పెట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ తుమ్మాం.

4. బానెట్ మీది గీతల సంగతి. పన్నెండేళ్ల కిందట ఈస్టర్ ముందురోజు, మా ఆయన సంతోషిస్తాడని సున్నం మీద తడిగుడ్డ పెట్టి రుద్దింది నేను. ఆయన వచ్చి అరుస్తుంటే, నా ముఖం చూసి సుధీర్, "నేనే తుడిశా అన్నయ్యా, తెలవక" అన్నాడు. మాటకి మాట పెరిగింది. సుధీర్ ఈ గడప తొక్కడం మానేశాడు. అన్న పోయినప్పుడు కూడా సమాధుల దగ్గరికి వచ్చి అటునుంచి అటే వెళ్లిపోయాడు. ఇన్నేళ్లూ నేను నోరు విప్పలేదు. తప్పు నాది.

5. వీలునామా నా తదనంతరం అమలవుతుంది, కారు విషయం తప్ప. దీని నకలు ఈరోజే సుధీర్‌కి పంపుతున్నాను. సుధీరూ, కారు కోసం నేను పోయేదాకా ఆగకు. పొద్దున్నే దులిపి, నీళ్లు పోసి, ఆ తర్వాతే తుడిచాను. తాళం గుమ్మం పక్క మేకుకే ఉంది. లోపలికి వచ్చి తీసుకో.

తేదీ: 11 ఫిబ్రవరి 2025, పిడుగురాళ్ల

(సంతకం) హన్నమ్మ

సాక్షులు:
శివరామయ్య, రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్
నజీమా, పక్కింటి టైలరు