కషాయం కాదు మామా

ఎల్బీ నగర్,
14 నవంబర్ 2025.

దశరథ మామకు, మీ అక్క కూతురు యాదలక్ష్మి నమస్కారాలు. అత్తను అడిగానని చెప్పండి.

ఫోన్‌లో అయితే మీరు నన్ను మాట మధ్యలోనే ఆపేస్తారు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడే రాయాల్సి రావడానికి కారణం ఒక్కటే. దీపావళికి హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన మీ కూతురు సంధ్యారాణి ఇన్‌హేలర్‌ను మీరు చెత్తబండిలో వేశారని ఈ వారమే తెలిసింది. నన్ను చూసే వేశారని కూడా తెలిసింది.

దసరా ముందు, మీర్‌పేట్‌లో తొట్టెల ఫంక్షన్‌లో నన్ను అందరి ముందు నిలబెట్టి, "చూడుండ్రి, నాలుగు మెట్లెక్కితే కుక్కర్ లెక్క కూత పెట్టే పిల్ల! నా కషాయంతోని ఎట్లయ్యిందో" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నా తప్పు.

మామా, అది కషాయం కాదు. పోయిన సంవత్సరం ట్రైనింగ్‌కు విజయవాడ పోయానని చెప్పిన ఆ పదిహేను రోజులు నేను ఎక్కడికీ పోలేదు. బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నాను. నూట పన్నెండు కిలోలు ఉండేదాన్ని. "కడుపు కోయిచ్చుకున్న పిల్లను ఎవడు చేసుకుంటడే" అని అమ్మ భయపడి, అడిగినవాళ్లందరికీ మీ కషాయం పేరు చెప్పింది. మీరు నెలనెలా పంపిన సీసాలన్నీ సింకులో పోశాం. కోపం వస్తే నన్ను తిట్టండి, అమ్మను ఏమీ అనకండి.

మన ఇళ్లల్లో మొదట కాలేజీకి పోయింది నేనే కదా, డాక్టర్‌ను అర్థమయ్యేదాకా అడిగాను. ఒంట్లో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదట. వాపు పుట్టించే పదార్థాలను రక్తంలోకి వదులుతూ ఉంటుందట. దాంతో నాలాంటి వాళ్లకు ఉబ్బసం ఇంకా ముదురుతుంది. పైగా ఆ బరువంతా ఛాతీని నొక్కుతుంది. బరువు తగ్గాక రక్తపరీక్షలో వాపు తగ్గింది, గొట్టంలోకి ఊదించే పరీక్షలో నా అంకె పెరిగింది. ఇప్పుడు మెట్రో మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. కానీ ఉబ్బసం పోలేదు. రోజూ పొద్దున ఇన్‌హేలర్ పీలుస్తాను, మీకు కనబడకుండా. ఇకనుంచి మీ ముందే పీలుస్తాను.

సంధ్య నలభై ఆరు కిలోలు. దానికి ఆపరేషనూ వద్దు, కషాయమూ వద్దు. దాని మందు దానికి కావాలి. "ఈ పీల్చే పంపు అలవాటైతే జన్మల ఇడువది" అంటారు మీరు. అన్నం కూడా అలవాటే కదా మామా, మానేశామా?

నాకు సంబంధాలు తప్పిపోయినా సరే. నా పేరు చెప్పి ఇంకెవరి మందూ మాన్పించకండి. వచ్చే ఫంక్షన్‌లో నేనే నిలబడి అసలు సంగతి చెబుతాను.

మీ మేనకోడలు,
యాదలక్ష్మి

తా.క. మీకు చెప్పనని సంధ్యకు మాటిచ్చాను. మనసొప్పక, మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. మంగళవారం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ క్లాసులో దానికి ఊపిరాడలేదు. నేను చేరేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. దవాఖానలో రెండు రోజులు ఉంచారు, సంతకం నేనే పెట్టాను. ఇప్పుడు మా ఇంట్లో పడుకుని ఉంది, భయం లేదు. మాస్క్ తీయగానే అది అన్న మొదటి మాట, "నాయనకు చెప్పకు వదినా, కషాయం సరిగ తాగలేదని తిడ్తడు" అని.

కొత్త ఇన్‌హేలర్ దాని బ్యాగులో ఉంది. ఇరవై మూడో తేదీ ఆదివారంలోపు జవాబు రాయండి. నాకు కాదు, దానికి.