తిన్నని గీత

జూలై 8, సోమవారం

తొమ్మిది బి. దూరం–కాలం గ్రాఫ్. బోర్డు మీద గీత పైకి వెళ్ళి, కాసేపు అడ్డంగా సాగి, మళ్ళీ కిందికి దిగింది. ఈ మనిషి ఏం చేశాడని అడిగాను. కొండెక్కి దిగాడు టీచర్ అన్నారు, నలభై మందీ ఒకే గొంతుతో. మరి ఈ అడ్డగీత ఏమిటంటే, కొండ మీద చదునుగా ఉంటుంది కదా అంది చివరి బెంచీ పిల్ల. పొడుగు కాళ్ళు, చీపురుపుల్ల ఒళ్ళు. అందరూ మిడత అంటారు. కొండా లేదు, నీ మొహమూ లేదు, దూరం పెరగలేదంటే ఆగాడని అర్థం అని అరిచాను. పంతొమ్మిదేళ్ళుగా ఇదే కొండ. ఈ పిల్లల్ని చూస్తే నాకు విసుగు. నన్ను చూస్తే వాళ్ళకి భయం. లెక్క సరిపోయింది.

జూలై 9

డ్రిల్ మాస్టారు మళ్ళీ నా ఆఖరి పీరియడ్ కొట్టేశాడు. మిడతకి ప్రాక్టీసట. క్రీడా హాస్టల్‌లో సీటొస్తే కాలేజీ దాకా చదువూ తిండీ వాళ్ళే చూసుకుంటారట, రాకపోతే ఈ ఏడాదితో ఇంట్లో చదువు మాన్పిస్తారట. నా సిలబస్ సంగతేమిటన్నాను. మీరు గీతలు గీసుకోండి మేడం, మేం పరుగెత్తుతాం అన్నాడు. స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఆ మనిషి ఈల వినబడితేనే నాకు ఒళ్ళు మండుతుంది.

జూలై 11

క్రీడా హాస్టల్ ఎంపిక కమిటీకి పంపిన మిడత టైమింగ్ షీట్ నకలొకటి డ్రిల్ మాస్టారు నోటీసుబోర్డుకి అంటించుకున్నాడు, గొప్ప కోసం. చుట్టుకి రెండొందల మీటర్లు, ఎనిమిది చుట్లు. 40 సెకన్లు, 80, 120, 160. చివరిదాకా అంతే.

ఆ అంకెలే క్లాసుకిచ్చి గ్రాఫ్ గీయించాను. ఎనిమిది చుక్కలూ స్కేలు అంచుకి అతుక్కున్నాయి. నిజంగా కొలిస్తే చుక్కలు గీతకి అటొకటి ఇటొకటి పడతాయి. అన్నీ గీత మీదే కూర్చున్నాయంటే ఎవరో కూర్చోబెట్టారన్నమాట. అలాంటి ల్యాబ్ రికార్డులకి నేను సున్నా తప్ప ఇంకోటి వెయ్యలేదు. మనిషన్నాక ఐదో చుట్టుకైనా అలిసిపోదా?

దొరికాడు.

జూలై 12

కమిటీకి ఉత్తరం రాసి గ్రాఫ్ జతచేశాను. ఇంత తిన్నగా వచ్చిన లెక్కను నమ్మకూడదు అన్న వాక్యం కింద రెండు గీతలు కొట్టాను. మా ఆయన చదివి, ఆ పిల్ల పరుగెత్తడం ఎప్పుడైనా చూశావా అన్నాడు. అంకెలుండగా చూడ్డం దేనికన్నాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

జూలై 18

మిడత పేరు జాబితాలోంచి తీసేశారు.

జూలై 19

డ్రిల్ మాస్టారు స్టాప్‌వాచ్ తెచ్చి నా పుస్తకాల మీద పెట్టాడు. మీరే కొలుచుకోండి అన్నాడు, అంతే. గొడవ పడతాడని నిన్నటి నుంచీ మాటలు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ వృథా.

జూలై 22, సాయంత్రం 5

కొలిచాను. వాణ్ణి బజారుకీడుద్దామనే వెళ్ళాను.

40.1. 80.0. 120.2. 160.1. ఆ తర్వాతవీ అంతే. అక్కడే గట్టు మీద కూర్చుని గ్రాఫ్ గీశాను. స్కేలు పెట్టాను. తిప్పి పెట్టాను. ఒక్క చుక్కా పక్కకి జరగలేదు.

ఎలాగే అని మిడతని అడిగాను. లోపల పన్నెండో ఎక్కం చెప్పుకుంటానంది. వరసకి పన్నెండు అడుగులట, పది వరసలయ్యేసరికి చుట్టు పూర్తట. ఎవరు నేర్పారంటే నా వైపు వింతగా చూసింది. ఆరో క్లాసులో ఎక్కం రాలేదని నేనే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించానట, ఎండలో, ఎక్కం చెప్పుకుంటూ. తప్పితే మళ్ళీ మొదటికి రావాలన్నారు కదా టీచర్, అందుకే తప్పను అంది.

నాకు గుర్తు లేదు. చేసే ఉంటాను. సిగ్గేసింది.

జూలై 23

సెలవు పెట్టి కమిటీ ఆఫీసుకి వెళ్ళాను. ఉత్తరం వెనక్కి తీసుకుంటానన్నాను, నా కొలతలు చూపించాను. గుమాస్తా ఫైలు తిరగేసి, నా ఉత్తరంలో రెండు గీతలు కొట్టిన వాక్యం నాకే చదివి వినిపించాడు. నమ్మకూడదని మీరే రాసి, మళ్ళీ అదే తెస్తే ఎలా మేడం అన్నాడు. మీరే వచ్చి కొలవండన్నాను. వచ్చి కొలిచే గడువు అయిపోయిందట. రేపు సాయంత్రంలోగా కాస్త నమ్మేట్టున్న షీట్ తెస్తే చూస్తామన్నాడు.

వాడి మీద కోపం తెచ్చుకుందామని దారంతా ప్రయత్నించాను. వాడన్నది నా మాటే.

జూలై 24

మూడో చుట్టుకి 42.3 రాశాను. నాలుగో చుట్టుకి 38.9. ఆరోది కాస్త బరువుగా, ఎనిమిదోది కాస్త చురుగ్గా. నిజం పరుగులా ఎంత బాగా కుదిరిందో. డ్రిల్ మాస్టారు చూసి, దొంగ అంకెల కింద నా సంతకం పెట్టను అన్నాడు. నా సంతకం నేనే పెట్టాను.

జూలై 26

మిడత పేరు ఎక్కించారు. షీట్ నకలూ, దాంతో గీసిన గ్రాఫూ దానికిచ్చాను.

గ్రాఫ్ మీద మూడో చుట్టు దగ్గర వేలు పెట్టింది. ఇక్కడ గీత వాలింది, నేనిక్కడ నెమ్మదించలేదే టీచర్ అంది.

సరిగ్గానే చదివింది.