బరువున్న పడవకు దారి

శుక్రవారం, పులికాట్

రేవులోకి బరువున్న పడవ ముందు పోవాలి. అందులోని మనిషి చెయ్యి ఊపేదాకా తక్కిన పడవలు కదలకూడదు. ఈ ఊరి మర్యాద అది. ఈ పొద్దున పొగమంచులో మా పడవ నిండా చేపలే. అయినా మా ఆయన గెడ వేసి ఆపేశాడు.

"ఏమబ్బా, నిద్రపోతాండావా?" అని వెనక పడవవాళ్లు అరిచారు.

"ముందర ఎవురూ లేరు గదా?" అన్నాను మెల్లగా.

"మా నాయన పడవ. మనకంటే బరువుగా ఉండాది."

మామగారు పోయినేడు ఈ నీళ్లలోనే మునిగి చనిపోయారు. గాలి లేదు, అయినా ఒక అల వచ్చి మా పడవను ఊపింది.

"సెయ్యి ఊపినాడు," అని ఆయన గెడ తీశాడు.

ఇందాక అన్నం ముందు కూర్చుని, "మా నాయన ఒక్కడే అంత బరువు ఎట్ల లాగుతాడు?" అన్నాడు. రేపు తనొక్కడే పోతానని, నన్ను పడవ ఎక్కవద్దన్నాడు.