అడుగు వరసకి బెరడు ఉంచు

ఐవిన్,

ఆవుల్ని తోలుకుని కొండమీది మేతకి పోతున్నాను. శనివారం దిగుతాను. నువ్వు మిల్లు నుంచి రాగానే వాగు వైపు దడి పూర్తి చెయ్యి. రాటలు నేను పాతేశాను. కట్లకి స్ప్రూస్ చెట్టు రెమ్మలు పొయ్యి పక్కన ఉన్నాయి. సెగ చూపించి, మెత్తబడ్డాకే మెలిపెట్టు, లేకపోతే పుటుక్కున విరుగుతాయి. మేకుల డబ్బా జోలికి మాత్రం పోకు. రెమ్మలతోనే కట్టాల్సిన దడికి మేకు కొట్టామంటే ఊళ్ళో తలెత్తుకోలేం.

పై వరసల కర్రలన్నీ బెరడు ఒలిచి కట్టు. అడుగు వరసకి ఒలవకు. మన కుక్క పాసప్‌కి కళ్ళు పోయాక ముక్కే దారి. నిన్న ఒలవని కర్రలు వరసగా పరిచి చూశాను. పాసప్ ఆ వాసన పట్టుకుని, ఎక్కడా తడబడకుండా గుమ్మం దాకా వచ్చేశాడు. మొన్నటిలా మళ్ళీ వాగులో పడితే ఎత్తుకురావడానికి నేనుండను.

"ముసలి కుక్క కోసం దడేమిటే అక్కా?" అన్నావు చూడు, అది నేను మర్చిపోలేదు. నీ దుప్పటి వాడికి కప్పేసి నువ్వు ముడుచుకు పడుకోవడమూ చూశాను.

చేపల సూప్ గిన్నెలో ఉంది. వేడి చేసుకుని తిను.

అక్క సిగ్రున్

ఇంకోటి. పక్కింటి తోర్‌స్టైన్ మావయ్య చూస్తే ఊరుకోడు. "బెరడుతో కట్టారేంట్రా, నాలుగు చలికాలాలకే పుచ్చిపోదూ?" అంటాడు. వాదించకు. పాసప్ ఉన్నన్నాళ్ళు నిలిస్తే చాలని చెప్పు.